సీసం బిళ్లపై సముద్రం

రూపాయి బిళ్లంత సీసపు ముక్క. దాని మీద రెండు తెరచాప కొయ్యలతో ఓ ఓడ. చెక్కిన కళాకారుడి పేరు ఎవరికీ తెలియదు. చలిగాలి కోసం ఎదురుచూసి సముద్రంలోకి దిగిన మనవాళ్ల కథను మాత్రం అతడు రెండువేల ఏళ్ల పాటు భద్రంగా దాచిపెట్టాడు!

చలికాలం తెల్లవారుజామున పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో నిలబడితే మంచులోంచి ముందు దీపాలు కనిపిస్తాయి, ఆ తరవాతే లారీలు. పటాన్‌చెరు ఫ్యాక్టరీల సరుకు కొంత, షోలాపూర్ వైపు నుంచి వచ్చేది కొంత. టీ బండి దగ్గర ఆగిన డ్రైవర్‌ను ఈ రోడ్డు ఎక్కడిదాకా వెళ్తుందని అడిగితే ‘ఒక దిక్కు పుణె, ఇంకో దిక్కు మచిలీపట్నం’ అంటాడు. 65వ నంబరు జాతీయ రహదారి అది. అంటే, తూర్పుముఖంగా ఎక్కడా మలుపు తీసుకోకుండా పోతే ఆ దారి ఆగేది సముద్రం ఒడ్డునే.

అయినా సంగారెడ్డికీ సముద్రానికీ ఏం సంబంధం? ఇక్కడివాళ్లకు నీళ్లంటే మంజీర. అల చూడాలంటే నాలుగు వందల కిలోమీటర్లు పోవాలి. కానీ ఇదే చౌరస్తా నుంచి గంటలోపు ప్రయాణంలో ఉన్న కొండాపూర్‌లో, కోటగడ్డగా పిలుచుకునే మట్టిదిబ్బను తవ్వినప్పుడు ఏం బయటపడిందో తెలుసా? రోమ్ చక్రవర్తి అగస్టస్ బొమ్మ ఉన్న బంగారు నాణెం! ఓడెక్కకుండా అది ఇక్కడికి వచ్చే వీలే లేదు.

అక్షరాల మధ్య ఓడ

శాతవాహనులు వేయించిన నాణేల్లో ఏనుగులున్నాయి, సింహాలున్నాయి, గుర్రాలున్నాయి, కొండ గుర్తులున్నాయి. వాటన్నిటిలోకీ ప్రత్యేకమైనది ఓడ నాణెం. ఎక్కువగా సీసంతో చేసిన ఈ బిళ్లలు కోరమాండల్ తీరంలో దొరికాయి. అక్షరాలు సగం అరిగిపోయిన వాటిని చూసి, 1908లో బ్రిటిష్ మ్యూజియం నాణేల జాబితా తయారుచేసిన ఈ.జె.రాప్సన్ అవి పులుమావివి అనుకున్నారు. తరవాత స్పష్టంగా ఉన్నవి దొరకడంతో క్రీ.శ. రెండో శతాబ్దం చివరి భాగంలో ఏలిన యజ్ఞశ్రీ శాతకర్ణి పేరు బయటపడింది.

నాణేనికి ఒకవైపు నాలుగు కొసల్లో నాలుగు వలయాలున్న గుర్తు. దాన్ని ఉజ్జయిని చిహ్నం అంటారు. రెండోవైపు ఓడ. అంచుల వెంబడి బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో రాజు పేరు. ఇక ఓడను చూడాలి... ముందూ వెనకా పైకి లేచిన అంచులు, మధ్యలో నిటారుగా రెండు కొయ్యలు, వాటి కొసల నుంచి కిందికి దిగిన తాళ్లు. అంతే! అన్నీ గీతలే. కానీ ఆ గీతల్ని చూసి ఇది ఏటి పడవ కాదు, నడిసముద్రంలోకి పోయే ఓడ అని ఎవరైనా చెప్పేస్తారు.

దాన్ని చెక్కడం తేలికేం కాదు. నాణెం మీద బొమ్మ సరిగ్గా రావాలంటే అచ్చులో దాన్ని తిరగేసి చెక్కాలి. ఉబ్బెత్తుగా కనిపించాల్సింది గుంటగా తవ్వాలి. కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది. అక్షరాలూ అంతే, అద్దంలో చూసినట్టు వెనక నుంచి ముందుకు రావాలి. ఇదంతా రూపాయి బిళ్లంత జాగాలో! కొయ్యకూ అంచుకూ మధ్య తాడు ఎక్కడ కడతారో తెలియనివాడు ఆ గీత గీయలేడు. ఓడను దగ్గరగా చూసి ఉండాలి, లేదా చూసినవాడి పక్కన కూర్చుని అడిగి తెలుసుకుని ఉండాలి.

రాజు ఓడ బొమ్మే ఎందుకు వేయించాడన్నదానిపై చరిత్రకారుల్లో భిన్నాభిప్రాయాలున్నాయి. ‘మా అధికారం నేల మీదే కాదు, నీటి మీద కూడా’ అని చాటడానికేనని కొందరంటారు. రాజ్యానికి సిరులు తెస్తున్న వర్తకాన్ని గౌరవించడానికని ఇంకొందరు. ఏదైనా, బంగారం మీద కాకుండా సీసం మీద వేయించడంలోనే విశేషముంది. సీసం నాణెం సంతలో చేతులు మారే చిల్లర. ఉప్పు కొనేవాడి చేతిలోకీ కుండలమ్మే ఆవిడ కొంగులోకీ ఓడ చేరిందన్నమాట!

చలిగాలి పిలుపు

ఆవిరి యంత్రాలు లేని కాలంలో ఓడకు ఇంధనం గాలే. మన సముద్రాల్లో గాలి ఏడాదికి రెండు దిక్కులు మారుతుంది. వేసవి తరవాత జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి నుంచి వీస్తుంది. చలికాలం వచ్చేసరికి నేల త్వరగా చల్లబడుతుంది, సముద్రం ఇంకా వెచ్చగానే ఉంటుంది. దాంతో గాలి నేల మీద నుంచి నీళ్ల వైపు, అంటే ఈశాన్యం నుంచి మళ్లుతుంది. ఈ రెండు గాలుల లెక్క తెలిసినవాడే నావికుడు.

ఈజిప్టు నుంచి బయల్దేరే ఓడలు నడివేసవిలో ప్రయాణం మొదలుపెట్టి నైరుతి గాలితో మన పడమటి తీరానికి చేరేవి. మిరియాలు, నూలుబట్టలు, ముత్యాలు ఎక్కించుకుని చలిగాలి కోసం కాచుకునేవి. భారతదేశం నుంచి తిరుగు ప్రయాణానికి డిసెంబరులో, ఆలస్యమైతే జనవరి మధ్యలోపే తెరచాప ఎత్తాలని రోమన్ రచయిత ప్లినీ మొదటి శతాబ్దంలోనే రాశాడు. ఏటా 5 కోట్ల సెస్టర్సులు భారతదేశానికి తరలిపోతున్నాయని వాపోయిందీ ఆయనే. సెస్టర్సు అంటే వాళ్ల నాణెం. మనింట్లో పిల్లలు ‘డబ్బంతా అటే పోతోంది’ అనిపించుకున్నట్టు, ఒకప్పుడు రోమ్ వాళ్లు మన బట్టల మీదా మిరియాల మీదా పెట్టే ఖర్చుకు తలపట్టుకున్నారన్నమాట!

తూర్పు తీరానిదీ అదే తీరు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఒడ్డు వెంబడి సముద్రపు ప్రవాహం కూడా దక్షిణానికే నడుస్తుంది. గాలీ నీరూ కలిసొస్తే కృష్ణా ముఖం దగ్గర ఎత్తిన తెరచాప లంక వైపు సాగుతుంది. ఒడిశాలో కార్తీక పున్నమినాడు చిన్నచిన్న పడవలను నీళ్లలో వదిలే వేడుక ఇప్పటికీ ఉంది. ఆ రోజుల్లో వర్తకులు బాలి, జావా దీవులకు బయల్దేరిన జ్ఞాపకం అదంటారు.

గ్రీకు భాషలో రాసిన ‘పెరిప్లస్’ అనే నావికుల మార్గదర్శిలో మసాలియా పేరుతో మన కృష్ణా తీరం కనిపిస్తుంది. అక్కడ సన్నని బట్టలు విస్తారంగా తయారవుతాయని ఉంటుంది. రెండో శతాబ్దంలో టాలెమీ చెప్పిన కంటకస్సిల మన ఘంటసాలే. పెరిప్లస్‌లోనే తూర్పు రేవుల్లో తిరిగే ఓడల రకాల్లో ‘సంగర’ అన్నది ఒకటుంది. దుంగలను జతచేసి కట్టిన పెద్ద పడవ అది. పేరు దగ్గరగా ఉంది కదా అని సంగారెడ్డితో ముడిపెట్టకండి, రెంటికీ ఏ సంబంధమూ లేదు!

తిరిగి వస్తేనే వర్తకం

చలికాలపు గాలి మంచిదే. కానీ ఆ గాలి ఒంటరిగా రాదు. బంగాళాఖాతంలో పెద్ద తుపాన్లు పుట్టేదీ ఆ నెలల్లోనే. 1839 నవంబరులో గోదావరి ముఖం దగ్గరి కోరంగి రేవు మీద విరుచుకుపడిన ఉప్పెన వేల పడవలను మింగేసింది. ఓడలు కట్టడంలో పేరున్న ఆ ఊరు మళ్లీ కోలుకోలేదు. 1977 నవంబరు 19 రాత్రి దివిసీమలో ఏం జరిగిందో ఇప్పటి పెద్దవాళ్లకు గుర్తే. ఆ దివిసీమకు దాపునే ఉంది ఘంటసాల. రెండువేల ఏళ్ల కిందటా సముద్రం ఇదే సముద్రం. వాతావరణ హెచ్చరికలు లేవు, రేడియోలు లేవు. నల్లటి మబ్బు, అల తీరు, పక్షి గమనం... ఇవే సమాచారం.

అలాంటి ప్రయాణాలను నడిపించినవారికి ఊళ్లో ఎంత గౌరవం ఉండేదో ఘంటసాల శాసనమే చెబుతుంది. అక్కడి బౌద్ధక్షేత్రానికి సంబంధించిన రాతి మీద శివకుడనే ‘మహానావికుడి’ ప్రస్తావన ఉంది. నాణేన్ని చెక్కినవాడి పేరు మిగల్లేదు కానీ, అలాంటి ఓడల్ని నడిపిన ఒకరి పేరైనా మిగిలింది.

ఓడ మునిగితే పోయేవి ప్రాణాలే కాదు. వెయ్యేళ్ల తరవాత కూడా, తుపానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడలోని సరుకంతా రాజులే లాగేసుకునేవాళ్లు. బతికి ఒడ్డెక్కిన వర్తకుడు కట్టుబట్టలతో మిగిలేవాడు. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో వేయించిన అభయ శాసనం ఆ పద్ధతికి స్వస్తి చెప్పింది. ప్రాణాలకు తెగించి వచ్చేవాళ్ల నుంచి నిర్ణీత సుంకం తప్ప ఏమీ తీసుకోబోమని రాజు మాటిచ్చాడు. సీసపు నాణెం మీద రెండు కొయ్యలను అంత నిటారుగా నిలిపిన కళాకారుడికి ఈ భయాలన్నీ తెలిసే ఉంటాయి.

సముద్రం చూడని ఊళ్లో...

కొండాపూర్ దిబ్బను 1940 తరవాతి సంవత్సరాల్లో నిజాం రాజ్యపు పురావస్తు శాఖ తవ్వించింది. దానికి అధిపతి గులాం యజ్దానీ. అజంతా గుహల చిత్రాలను కాపాడి, వాటిపై నాలుగు సంపుటాల గ్రంథం వెలువరించింది ఈయనే. ఆ అజంతాలోని రెండో గుహలో మూడు కొయ్యల ఓడ చిత్రం ఉంది. ప్రయాణానికి కావాల్సిన కుండలు వరసగా పేర్చి ఉంటాయందులో. అంటే సముద్రానికి దూరంగా ఉన్న దక్కను కొండల్లో కూడా చిత్రకారుడి కుంచెను ఓడ వదల్లేదు.

కొండాపూర్‌లోనూ ఇదే కథ. ఇటుక గోడలు, బావులు, పూసలు, రకరకాల జుట్టుముడులున్న మట్టిబొమ్మలు, వందలకొద్దీ శాతవాహన నాణేలు, నాణేలు పోసే మట్టి అచ్చులు దొరికాయి. అందుకే దీన్ని టంకశాల ఉన్న పట్నంగా భావిస్తారు. తీరం నుంచి పడమట ఉన్న తేర్, పైఠాన్‌ల దాకా బండ్లు సాగిన బాటలో ఇదో మజిలీ అయ్యుండొచ్చన్నది చరిత్రకారుల ఊహ. భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ 2009 నుంచి 2011 వరకు ఇక్కడ మళ్లీ తవ్వకాలు జరిపింది.

అన్నిటికన్నా ముచ్చటైనవి మట్టి పతకాలు. రోమన్ నాణేలను చూసి వాటి నకళ్లు మట్టితో చేసి, తాడు గుచ్చి మెడలో వేసుకునేందుకు వీలుగా మలిచారు. బంగారం కొనలేనివాళ్ల సరదా కాబోలు! రోమ్‌ను చూడని చేయి, బహుశా సముద్రాన్నీ చూడని చేయి, ఓడలో వచ్చిన బొమ్మను నల్లరేగడి నేల మీద కూర్చుని మళ్లీ గీసింది. ఓడను చూసి నాణెం చెక్కినవాడు ఒకడు, ఓడ తెచ్చిన నాణేన్ని చూసి పతకం చేసినవాడు ఇంకొకడు. ఇద్దరికీ స్ఫూర్తి ఒకటే.

కరిగితే ఏం మిగులుతుంది?

బంగారు నాణెం దొరికితే దాచుకుంటారు. రాగి అయితే తోమి చూస్తారు. సీసం సంగతి అలా కాదు. నల్లగా, మట్టి పట్టి, ఎందుకూ పనికిరాని ముక్కలా ఉంటుంది. పొలం దున్నుతుంటే నాగలికి తగిలినా పక్కకు విసిరేస్తారు. పాత సామాన్లవాడికిస్తే తూకానికి వేసుకుంటాడు. పొయ్యి మీద తేలిగ్గా కరిగిపోతుంది. వల అంచున కట్టే గుండుగా మారిందంటే ఓడ, రాజు పేరు, కళాకారుడి గీత... అన్నీ ఒక్క నిమిషంలో మాయం. మిగతా రాజవంశాల చరిత్ర శాసనాల్లో దొరుకుతుంది. శాతవాహనుల చివరి రాజుల విషయంలో ఎన్నో సంగతులకు నాణేలే ఆధారం.

అందుకే 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఒక నియమం పెట్టింది. నేలలో దాగి దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే ఆ సంగతి జిల్లా కలెక్టరుకు తెలియజేయాలి. దొరికిన చోటు, లోతు, పక్కనే ఇంకేమున్నాయన్నది కూడా చెప్పగలిగితే ఇంకా మంచిది. నాణెం కన్నా ఆ వివరమే పరిశోధకులకు ఎక్కువ విలువైంది. తోమడం, గీకడం మాత్రం చేయకూడదు. సీసం మెత్తన, బొమ్మ చెరిగిపోతుంది.

కొండాపూర్‌లో తవ్వకాల వస్తువులతో పురావస్తు ప్రదర్శనశాల ఉంది. శుక్రవారం సెలవు. పటాన్‌చెరు, సంగారెడ్డి కుటుంబాలకు అది ఒక పూట ప్రయాణమే. హైదరాబాద్‌లోని పబ్లిక్ గార్డెన్స్‌కు వెళ్తే రాష్ట్ర మ్యూజియంలో అజంతా చిత్రాల నకళ్లూ చూడొచ్చు. పిల్లలకు మ్యాపులో పోతిరెడ్డిపల్లి చౌరస్తా చూపించి, అక్కణ్నుంచి వేలితో తూర్పుకు గీత గీయమనండి. హైదరాబాద్, సూర్యాపేట, విజయవాడ దాటి వేలు మచిలీపట్నం దగ్గర నీళ్లలోకి జారుతుంది. సీసం బిళ్ల మీది ఓడ బయల్దేరింది ఆ ఒడ్డు నుంచే!