టీకా మీద భయం ఎట్లు తీరినది?

పూర్వం మన ఇళ్ళలో మశూచి వస్తే "అమ్మవారు పోసినది" అనేవారు. గుమ్మానికి వేపమండలు కట్టేవారే గాని మందు మాట ఎత్తేవారు కారు. టీకా పొడిపించుకుంటే తల్లికి కోపం వస్తుందని జంకిన ఇళ్ళు ఎన్నో! అయినా మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూటులో తయారైన టీకా మందు పల్లెలకు చేరినది. 1980లో మశూచి లోకంలోనే లేకుండా పోయినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది. తల్లికి కోపమూ రాలేదు. విరుదునగర్ మారియమ్మన్ గుడిలో పంగుని పొంగలి నేటికీ జరుగుచునే ఉన్నది.

అయినను 2021లో కరోనా టీకా వచ్చినప్పుడు మనవారు మళ్ళీ వెనుకాడినారు. ఏప్రిల్ 1 నుండి 45 ఏండ్లు నిండినవారందరికీ వేయసాగినారు. కోవిల్పట్టి అగ్గిపెట్టెల కార్ఖానాలలో చేసిన పనిని బట్టి కూలి. రెండు రోజులు జ్వరం వస్తే ఆ కూలి ఎవరిస్తారు? ఇది మూఢనమ్మకం కాదు, పొట్టకూటి ప్రశ్న.

ఇంతలో పిడుగువంటి వార్త వచ్చినది. కోవిల్పట్టిలో పుట్టిన హాస్యనటుడు వివేక్ ఏప్రిల్ 15న చెన్నైలో టీకా వేయించుకొని, అందరినీ వేయించుకొమ్మని కోరినారు. 17వ తేదీ తెల్లవారుజామున గుండెపోటుతో కన్నుమూసినారు. "అంతటివారికే అట్లయితే మనబోటివారి గతేమి?" అన్నారు జనం. గుండె రక్తనాళం పూడుకొనిపోయినదని, టీకాతో సంబంధం లేదని వైద్యులు వెంటనే చెప్పినారు. కేంద్ర నిపుణుల సంఘం విచారించి అక్టోబరులో అదే తేల్చినది. పుకారుకు ఒక్క పూట చాలినది. విచారణకు ఆరు నెలలు పట్టినది.

మే నెలలో తమిళనాడులో ఒక్కరోజు కేసులు 36 వేలు దాటినవి. తెలిసిన ముఖాలు కనుమరుగైనవి. అప్పుడు టీకా కంటె రోగమే భయంకరమని తోచినది. సెప్టెంబరు 12న రాష్ట్రమంతటా పెట్టిన శిబిరాలలో ఒక్కరోజే 28 లక్షలకు పైగా టీకాలు వేసినారు. టీకా వేసుకొంటే మాంసం, మద్యం ముట్టరాదనే అపోహతో కొందరు ఆదివారం రాకపోగా, అక్టోబరు 23 శిబిరాన్ని శనివారమే పెట్టినారు. జనాన్ని తిట్టకుండా రోజు మార్చడం మాకు నచ్చినది.

మేమెరిగిన ఒక అవ్వకు ఎన్ని లెక్కలు చెప్పినా వినలేదు. "చెప్పే నీవు వేసుకొన్నావా, నాయనా?" అని మాత్రం అడిగినది. చొక్కా చేయి పైకెత్తి చూపినాము. "జ్వరం వచ్చినదా?" "ఒకరోజు వచ్చినది, అవ్వా. పోయినది." మరునాడు తానే వరుసలో నిలుచున్నది.

ఒంటినొప్పులు, జ్వరం రావచ్చునని, అరుదుగా పెద్ద ఇబ్బందీ కలుగవచ్చునని దాచక చెప్పవలెను. అది రోగం వల్ల కలిగే ముప్పుకంటె ఎంత తక్కువో కూడా చెప్పవలెను. రేపు మరో అంటురోగం వచ్చినా మన వీధి భయం తీర్చవలసినది మన వీధివారే. అడిగినవారిని నవ్వక, ముందు మన చేయి చూపుదాము.