రూటరునకు అప్‌డేటు వచ్చినది

ప్రతిదినము ఉదయము 6 గంటలకు మా యింటి వెనుక గదిలో కూర్చుండి ఆఱుగురు పిల్లలకు తెలుగు పద్యములు చెప్పుచుందును. ఆ పిల్లలు పాలకొల్లు వారు కారు. అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున నున్నారు. మనకు తెల్లవాఱునప్పటికి వారికి ముందునాటి సాయంకాలము. బడినుండి వచ్చి, ఏదో తిని, కంప్యూటరు ముందు కూర్చుందురు. మా తాతగారు నాకు వీధియరుగుమీద చెప్పిన చదువును నేను వారికి తెరమీద చెప్పుచున్నాను. దీనివలన వచ్చు సొమ్ము పెద్దది కాదు గాని, అది నా సొమ్ము.

ఉత్పలమాలలో పాదమునకు ఇరువది యక్షరములు, పదియవది యతిస్థానము. నేను పాదము చదువుచు సరిగా ఆ యక్షరము దగ్గఱకు వచ్చుసరికి నా గొంతు తెగిపోవుటయు, పిల్లలు “టీచర్, మళ్ళీ చెప్పండి” యనుటయు నిత్యకృత్యమయ్యెను. గణములు నేర్పవలసిన నేనే దినమునకు పదిసారులు గణభంగము చేయుచుంటిని. గడచిన వేసవిలో ఒక పిల్లవాని తల్లి మిక్కిలి మర్యాదగా, “అక్కా, మీ పాఠం బాగుంటుంది గాని సగం వినబడటం లేదు. కొన్నాళ్ళు ఆపుదామా?” అని యడిగెను. ఆ మాటకు నాకు ఆ పూట అన్నము సహింపలేదు.

మా యిల్లు కొంత పాతది, కొంత క్రొత్తది. ముందు భాగము మా మామగారు వేయించిన స్లాబు. వెనుక భాగము అంతకు ముందటి సున్నపు గోడలు, మూరెడు దళసరి. ఈ రెంటి నడుమ దోమలు రాకుండ ఇనుపజాలి తలుపు. గోదావరి డెల్టాలో కాపురము చేయువారికి ఆ జాలి యెంత యవసరమో చెప్పనక్కఱలేదు. రూటరు ముందు హాలులో టీవీ వెనుక, బీరువా ప్రక్కను ఉండెడిది. తీగె తెచ్చిన కుఱ్ఱవాడు ఎక్కడ పెట్టి పోయెనో అక్కడనే యుండెను. మన యిండ్లలో దేవుని పటమునకైన స్థలము చూతుము గాని రూటరునకు చూడము.

కబురు చేయగా ఆ కుఱ్ఱవాడు వచ్చి, తన ఫోనుమీద ఏదో నొక్కి, “ఆయ్, ఫర్మ్‌వేరు అప్‌డేటు కొట్టేసానండీ. ఇక స్పీడు, రేంజి రెండూ పెరిగిపోతాయండి” అని చెప్పి పోయెను. నిజముగనే ఆనాడు పాఠము తెగలేదు. మా అత్తగారి సీరియలు ఆగలేదు. ఇంటిల్లిపాదియు అప్‌డేటును పొగడితిమి. పదిదినములలో పరిస్థితి యథాపూర్వమయ్యెను. మరల కబురు చేయగా, “పెట్టె పాతదైపోయిందండి, కొత్తది తీసుకోండి, నాలుగువేల అయిదువందలు” అనెను. అది నాకు ఒక నెల పాఠములవలన వచ్చు సొమ్ముతో సమానము.

ఇచ్చట నేను చేసిన పొరపాటు చెప్పవలెను. అప్‌డేటునకు ముందు వేగమెంత యుండెనో నేను కొలిచి యుంచలేదు. కనుక తరువాత పెరిగినదో లేదో చెప్పుటకు నాయొద్ద ఆధారము లేదు. పెరిగినదని చెప్పినారు గనుక పెరిగినట్లు తోచినది. మావారు బడిలో లెక్కలు చెప్పువారు. “తూకము వేయక బంగారము కొంటివి” అని నవ్విరి. రెండు నెలల తరువాత ఫోనులో మఱొక అప్‌డేటు సిద్ధముగా నున్నదని సూచన వచ్చినపుడు, దానిని వెంటనే నొక్కక, ముందు కొలతలు తీసికొనవలెనని నిశ్చయించితిమి.

ఫర్మ్‌వేరనగా నేమో కొందఱు సోదరీమణులకు తెలియకపోవచ్చును. రూటరు పైకి ఒక పెట్టెవలె నుండును గాని యథార్థమునకు చిన్న కంప్యూటరు. దానిలో స్థిరముగా వ్రాసియుంచిన ఆజ్ఞల సముదాయమే ఫర్మ్‌వేరు. పెట్టె పొయ్యి యనుకొన్నచో ఫర్మ్‌వేరు వంట చేయునామె. ఆమె నేర్పరి యైనచో అదే పొయ్యిమీద నాలుగు వంటకములు వేళకు దింపును. కాని పొయ్యి మంటను ఆమె పెద్దది చేయజాలదు. రూటరు మంట అనగా అది వెదజల్లు తరంగముల బలము. దానికి ప్రభుత్వము హద్దు పెట్టినది. మన దేశములో 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగములను లైసెన్సు లేకుండ వాడుకొనుటకు 2005లోను, 5 గిగాహెర్ట్‌జ్ భాగములో విరివిగా వాడుకొనుటకు 2018లోను అనుమతి యిచ్చి, వాని బలమునకు పరిమితి విధించిరి. కావున అప్‌డేటు వచ్చినంత మాత్రమున తరంగము మూరెడు గోడను చీల్చుకొని పోవునని తలచుట యుక్తము కాదు.

ఈ తీగెలు మన ప్రాంతమునకు వచ్చి యెంతో కాలము కాలేదు. నరసాపురము రేవు దాటి సఖినేటిపల్లి మీదుగా పోయినచో మోరి గ్రామము వచ్చును. జీడిపప్పునకు పేరు పొందిన యూరు. 2016 డిసెంబరులో ఆ యూరి యింటింటికి ఫైబరు తీగె నిచ్చి రాష్ట్రమునకు మాదిరి గ్రామముగా ప్రకటించిరి. మఱుసటి సంవత్సరము డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించిరి. కరెంటు స్తంభములమీదుగానే తీగె లాగిరి గనుక అది మారుమూల పల్లెలకు సైతము త్వరగా చేరెను. (మా యింటికి తీగె తెచ్చినది వేఱొకరు.) గడపవఱకు తీగె వచ్చినది నిజమే. గడప దాటిన తరువాత మనకు కావలసినది రూటరు సరిగా పనిచేయుట, దాని సంగతి మనమే చూచుకొనవలెను.

ఇక మా పరీక్ష. నాలుగు చోట్లు ఏర్పఱచుకొంటిమి: హాలు, వంటయిల్లు, వెనుక గది, డాబా. ప్రతిచోట ఒకే ముక్కాలిపీట, దానిమీద ఒకే ఫోను, ఒకే వైపునకు తిప్పి పెట్టుట. ఫోనుకును రూటరునకును నడుమ ఎవరును నిలువరాదు. మన శరీరము చాలవఱకు నీరే గనుక తరంగమును మ్రింగును. వేగమును చూపు యాప్ ఒకసారి హైదరాబాదు సర్వరును, ఒకసారి చెన్నై సర్వరును తీసికొనును. అట్లయిన పోలిక చెడును గనుక దానిని ఒక్కదానికే కట్టితిమి. మా రూటరు రెండు తరంగములను ఒకే పేరుతో చూపెడిది. ఫోను తన యిష్టమువచ్చినట్లు దీనినుండి దానికి దుముకుచుండెను. రెంటికి రెండు పేర్లు పెట్టినగాని ఏది కొలుచుచుంటిమో తెలియలేదు. 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగము సుమారు 12 సెంటీమీటర్ల పొడవు; 5 గిగాహెర్ట్‌జ్‌ది అందులో సగము. పొడవైనది గోడలను మేలుగా దాటును, పొట్టిది దగ్గఱలో వేగముగా నుండును. మా వెనుక గదికి అందునది మొదటిదే.

ఉదయము, మధ్యాహ్నము, రాత్రి; పూటకు అయిదుసారులు. ఒక్కసారి చూచి చెప్పుట వలదని మావారి పట్టు. అయిదింటిని వరుసగా వ్రాసి నడిమి సంఖ్యను తీసికొంటిమి. పాలలెక్కల పుస్తకము వెనుక పుటలు ఇందుకు ఉపయోగపడినవి. వేగముతోపాటు తరంగ బలమును గూడ వ్రాసితిమి. ఇది సున్నకు క్రింది సంఖ్య. మైనస్ 50 మంచిది, మైనస్ 80 చెడ్డది. పది దిగినచో బలము పదవవంతగును. దూరము సంగతి తేల్చునది ఈ సంఖ్యయే. వేగము పూటపూటకు మాఱును గాని ఇది అంతగా మాఱదు.

నాలుగు దినములు ఉన్నదున్నట్లు కొలిచితిమి. వెనుక గదిలో బలము మైనస్ 76, వేగము సెకనునకు 8 మెగాబిట్లు, హాలులో 46. అయిదవనాడు అప్‌డేటు చేయుదమని నేను తొందరపడితిని. మావారు వారించి, “అప్‌డేటు చేసినపుడు పెట్టె ఆగి మరల మొదలగును గదా. అప్‌డేటు లేకుండ ఊరక ఆపి మొదలుపెట్టి చూడుము” అనిరి. ఇంత చిన్నమాట నాకు తోచలేదు. అట్లే చేసితిమి. వెనుక గదిలో వేగము 8 నుండి 15 అయ్యెను! బలము మాత్రము అదే మైనస్ 76. మఱి నాలుగు దినములు కొలిచి, తరువాత అప్‌డేటు చేసితిమి. వేగము 16. బలము మైనస్ 76.

అనగా మొదటిసారి మేము పొగడినది అప్‌డేటును గాదు, రూటరు ఆగి మరల మొదలగుటను. కారణము చెప్పెదను. 2.4 గిగాహెర్ట్‌జ్ భాగమున ఒకదానితో నొకటి తగులని మార్గములు మూడే: 1, 6, 11. మా వీధిలో ఇరుగుపొరుగు రూటర్లు ఆఱు కనబడుచున్నవి. మా పెట్టె మొదలగునపుడు రద్దీ తక్కువగానున్న మార్గమును చూచి యెన్నుకొనును. కొన్నాళ్ళకు పొరుగువారి పెట్టెలు ఆ మార్గమునకే వచ్చినను ఇది అక్కడనే యుండును. పదిదినములకు వేగము తగ్గుట యిందువలననే యని మాకు తోచినది.

పిమ్మట రూటరును టీవీ వెనుకనుండి తీసి, జాలితలుపు పైనున్న గూటిలో పెట్టితిమి. ఎనిమిది మీటర్ల తీగె మాత్రము ఖర్చు. వెనుక గదిలో బలము మైనస్ 63, వేగము 37. జాలితలుపు మూసినపుడు బలము నాలుగు తగ్గెను. ఆ జాలి కన్నములు తరంగమునకు చాల చిన్నవి. ఇప్పుడు పాఠమగునంతసేపు ఆ తలుపు తెఱచియుంచి, దోమలకు ధూపము వేయుచున్నాను.

అయినచో అప్‌డేటు వలన ఫలమే లేదా యందురా? ఒక్క మేలు కనబడినది, అదియు మేము వెదకని చోట. వేగము బాగుగనున్నను కొన్ని యుదయములు నా గొంతు తెగుచునే యుండెను. కారణము మావారి ఫోను. బడిలో తీసిన ఫోటోలన్నియు తెల్లవాఱుజామున తమంత తామే పైకి పోవుచుండెను. రూటరు వానినన్నిటిని వరుసలో నిలిపి, నా మాటను వాని వెనుక నిలువబెట్టుచుండెను. కల్యాణములో ముందు పంక్తి లేచువఱకు పసిబిడ్డకును అన్నము పెట్టనట్లు. 2010 ప్రాంతమున జిమ్ గెట్టిస్ అను నతడు తన యింటిలోనే ఈ రోగమును పట్టుకొని, బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టెను. దీనికి మందు ఫర్మ్‌వేరులోనే యున్నది: చిన్న పొట్లములను పెద్దవాని వెనుక నిలువబెట్టకుండుట. ఫోటోలు పోవుచున్నపుడు మాట చేరుటకు పట్టు ఆలస్యమును గూడ మేము కొలిచితిమి. అప్‌డేటునకు ముందు సెకనులో వేయింట 400 వంతులు, తరువాత 70. వేగపు యాప్‌లో పెద్ద యక్షరములతో కనబడు సంఖ్యలో ఇది కనబడదు.

ఇట్టిదే మఱొక చిక్కు కలదు. దూరపు గదిలోని మెల్లని ఫోను ఒక్కటి గాలిలోని సమయమునంతను తానే తీసికొని దగ్గఱ నున్నవానిని గూడ మెల్లగించును. 2017లో స్వీడను దేశపు కార్ల్‌స్టాడ్ విశ్వవిద్యాలయమునందలి టోకే హోయిలాండ్-యోర్గెన్‌సెన్ మొదలగువారు, ఒక్కొక్కరికి ఇంత సమయమని సమముగా పంచు పద్ధతిని కనిపెట్టి చూపిరి. పెట్టెను మార్చలేదు, ఆజ్ఞలను మార్చిరి. ఈ మేలు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ యను ఉచిత ఫర్మ్‌వేరులో చేరినది. అది 2004లో మొదలైనది. లింక్‌సిస్ వారి నీలిరంగు రూటరు ఒకదాని మూలాజ్ఞలను అంతకు ముందటి సంవత్సరము బయటపెట్టవలసి వచ్చుటవలన పుట్టినది. అన్ని పెట్టెలకు అది పట్టదు గనుక తెలియకుండ ప్రయత్నింపరాదు.

భద్రత మాట వేఱు. 2017 అక్టోబరులో బెల్జియము దేశమునందలి లూవెన్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు మాథీ వాన్‌హూఫ్ వైఫై తాళములోనే లోపము చూపెను. ఫోనులకును, రూటర్లకును అప్‌డేటులే దానికి మందైనవి. వేగము పెరిగినను, పెరగకపోయినను ఇందుకొఱకైన అప్‌డేటు చేయవలసినదే.

చేయునపుడు మాత్రము కరెంటు పోకుండ చూచుకొనుడు. ఆజ్ఞలు సగము వ్రాసియుండగా కరెంటు పోయినచో పెట్టె మరల లేవకపోవచ్చును. మాకు ఆనాడు ఆషాఢపు వాన; నేను అప్‌డేటు నొక్కిన మూడు నిమిషములకు వీధియంత చీకటియయ్యెను. రూటరునకు కట్టిన చిన్న బ్యాటరీ కాపాడెను. అత్తగారు దీపము తెచ్చి, రూటరు దీపములు వెలుగుచున్నవని చూచి, “దీనికి మన కరెంటు అక్కర్లేదా ఏవిటే?” అని యాశ్చర్యపడిరి.

పాఠము ఆపుదమన్న యా తల్లికి జాబు వ్రాసితిని. పిల్లవాడు మరల వచ్చుచున్నాడు. నిన్న పోతనగారి యుత్పలమాల యొకటి ఒప్పజెప్పుచు యతిస్థానమునొద్ద ఆగిపోయెను. నేను అలవాటుచొప్పున రూటరు వైపు చూచితిని. దీపములన్నియు వెలుగుచునే యున్నవి. వానికి పద్యము రాలేదు, అంతే.