విలువిద్యాభ్యాస మైదానంలో భద్రత: స్థల, కాల నియమాల పరిశీలన

వ్యాససంగ్రహం:
విలువిద్యలో జరిగే ప్రమాదాలను విలుకాని అజాగ్రత్తగా భావించడం పరిపాటి. అయితే అనేకులు కలిసి సాధన చేసే మైదానంలో వ్యక్తి జాగ్రత్త ఒక్కటే చాలదు. బాణాలు ప్రయాణించే చోట, అవి ప్రయాణించే సమయంలో, మనుషులు ఉండకుండా చేసే ఏర్పాటే భద్రతకు మూలమని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: విలువిద్య, లక్ష్యవేధన, అల్లెతాడు, షూటింగ్ లైన్, ధ్వని సంకేతాలు, శిక్షణ.

1. ఉపోద్ఘాతం:
విలువిద్యలో రక్షణ సాధనాలు కొత్తవి కావు. అల్లెతాడు దెబ్బను వారించే సాధనానికి అమరకోశం క్షత్రియవర్గంలో 'గోధ' అనే పేరు కనిపిస్తుంది. వాల్మీకి రామాయణం బాలకాండలో విశ్వామిత్రుని వెంట నడిచిన రామలక్ష్మణులు గోధను, అంగుళిత్రాణాన్ని ధరించినట్లు వర్ణన ఉంది. నేటి ఆర్మ్‌గార్డ్, ఫింగర్ ట్యాబ్ చేసే పని కూడా అదే. అయితే ఇవన్నీ విలుకాణ్ణి అల్లెతాడు నుంచి కాపాడే సాధనాలు. పక్కవారిని బాణం నుంచి కాపాడవలసినవి మైదానపు నియమాలు.

2020 జనవరిలో అస్సాంలోని చబువాలో సాధన సమయంలో ఒక బాలికకు మెడ దగ్గర బాణం దిగింది. ఆమెను ఢిల్లీకి తరలించి శస్త్రచికిత్స ద్వారా బాణాన్ని తొలగించవలసి వచ్చింది. వెన్నం జ్యోతి సురేఖ, బొమ్మదేవర ధీరజ్ వంటి అంతర్జాతీయ క్రీడాకారులను అందించిన తెలుగునేలపై కూడా ఈ నియమాల వెనుక ఉన్న కారణాలను అధ్యాపకులు, శిక్షకులు తెలుసుకోవడం అవసరం.

2. బాణ గమనం – ప్రమాద స్వభావం:
20 గ్రాముల బాణం సెకనుకు 60 మీటర్ల వేగంతో వెలువడితే దాని గతిజశక్తి 36 జౌళ్లు. ఈ పరిమాణం పెద్దది కాకపోయినా, అది సన్నని మొనపై కేంద్రీకృతమవడం వల్ల శరీరంలోకి లోతుగా చొచ్చుకుపోగలదు. ఒలింపిక్ పోటీలలోని 70 మీటర్ల దూరాన్ని చేరడానికి ఆ బాణానికి సుమారు ఒక సెకనుకు పైగా పడుతుంది. వదిలిన తరువాత ఎవరైనా అడ్డం వస్తే చేయగలిగినది ఏమీ ఉండదు.

కోణం మరింత కీలకం. గాలి నిరోధాన్ని విస్మరించి లెక్కిస్తే, ఇదే వేగంతో 70 మీటర్ల లక్ష్యాన్ని చేరడానికి సుమారు 5.5 డిగ్రీల ఎత్తు సరిపోతుంది. అదే 10 డిగ్రీలైతే బాణం దాదాపు 125 మీటర్లు, 20 డిగ్రీలైతే దాదాపు 235 మీటర్లు వెళుతుంది. గాలి నిరోధం వల్ల ఈ దూరాలు కొంత తగ్గినా లక్ష్యాన్ని దాటిపోవడం మాత్రం తప్పదు. విల్లును ఆకాశంవైపు ఎత్తి నారి లాగరాదనే నియమానికి ఆధారం ఇదే. లాగుతుండగా వేళ్లు జారినా బాణం రక్షిత ప్రాంతం దాటిపోకూడదు.

3. స్థల నియమం:
విలుకాండ్రందరూ ఒకే షూటింగ్ లైన్‌పై నిలబడాలి. ఒకరు ముందు, ఒకరు వెనుక నిలిస్తే ముందున్న వ్యక్తి వెనుకవారి బాణమార్గంలోకి వస్తాడు. కనుక కొత్తవారికి తక్కువ దూరం కావలసినప్పుడు లక్ష్యాన్ని దగ్గరకు తేవాలి గానీ విలుకాణ్ణి ముందుకు పంపరాదు. వేచి ఉండేవారి గీత షూటింగ్ లైన్‌కు కనీసం 5 మీటర్లు వెనుక ఉండాలి. లక్ష్యాల వెనుక మట్టికట్ట, వల లేదా చాలినంత ఖాళీస్థలం అవసరం. కళాశాల మైదానాలలో నడకదారులు, ఇతర క్రీడాస్థలాలు ఆ దిశలో ఉంటే సాధన సమయంలో వాటిని మూసివేయాలి.

4. కాల నియమం:
స్థలాన్ని విభజించినా, బాణాలు తెచ్చుకోవడానికి అందరూ ముందుకు వెళ్లక తప్పదు. అందువల్ల కాలాన్ని కూడా విభజించాలి. ప్రపంచ విలువిద్యా సమాఖ్య పోటీలలో రెండు ధ్వనులు గీత వద్దకు రమ్మని, ఒకటి బాణాలు వేయమని, మూడు ఆపి లక్ష్యాల వద్దకు వెళ్లమని సూచిస్తాయి. ఐదుకు తగ్గకుండా వరుస ధ్వనులు వినిపిస్తే ఏ దశలో ఉన్నా వెంటనే ఆపాలి. లాగిన నారిని బాణం వదలకుండా నెమ్మదిగా దించాలి.

మూడు ధ్వనులు వినబడేవరకు గీత ముందు జారిపడిన బాణం కోసం సైతం అడుగు వేయరాదు. బాణాలు తెచ్చే సమయంలో విల్లు స్టాండుపైనే ఉండాలి. గీత వద్ద ఎవరూ విల్లు చేపట్టరాదు. లక్ష్యాల వెనుక బాణాలు వెదికేవారు గీత వద్ద ఉన్నవారికి కనిపించరు. కాబట్టి ఒకరు లక్ష్యం ముందు నిలబడటం మంచిది.

లక్ష్యం వద్దకు పరుగెత్తితే గుచ్చుకుని ఉన్న బాణాల వెనుక కొనలు కంటికి, ముఖానికి తగిలే ప్రమాదముంది. బాణం లాగేవారు తమ వెనుక ఎవరూ లేరని చూసుకుని, ఒక చేతితో లక్ష్యాన్ని అదిమిపట్టి, మరొక చేతితో లాగాలి.

5. పరికరాల పరీక్ష:
బాణం లేకుండా నారి లాగి వదలరాదు. బాణానికి చేరవలసిన శక్తి విల్లులోనే మిగిలి, అది పగలవచ్చు, నారి తెగవచ్చు. బీటలు వారిన కార్బన్ బాణం వదిలిన క్షణంలో చీలి విల్లు పట్టిన చేతిలో గుచ్చుకోగలదు. అందువల్ల ప్రతి బాణాన్నీ కొద్దిగా వంచి, చెవి దగ్గర పెట్టుకుని చప్పుడు గమనించి పరీక్షించాలి. పొట్టి బాణం నారి లాగినప్పుడు విల్లుపై ఆధారం నుంచి జారి చేతిని గాయపరుస్తుంది. ఎదుగుతున్న విద్యార్థుల చేతుల నిడివి మారుతుంటుంది కనుక వారి బాణాల పొడవును తరచు సరిచూడాలి.

6. ముగింపు:
• ఆర్మ్‌గార్డ్ వంటివి విలుకాణ్ణి కాపాడతాయి. గీత, సంకేతం తక్కినవారిని కాపాడతాయి.
• స్థల నియమం, కాల నియమం పరస్పరం పూరకాలు. ఒకటి లోపిస్తే రెండవది నిలవదు.
• సంకేతాలిచ్చే బాధ్యత, ఆ సమయంలో విల్లు పట్టని ఒకే వ్యక్తికి అప్పగించాలి. ప్రమాదం కనిపిస్తే 'ఆపండి' అనే అధికారం మాత్రం మైదానంలోని ప్రతి ఒక్కరికీ, కొత్తగా చేరిన విద్యార్థికి కూడా ఉండాలి.