వైజాగ్ టూర్ వెళ్తున్నారా? ముందు చాంద్ తారీఖు చూసుకోండి

సెలవులొస్తే ఎల్బీనగర్‌లో రాత్రి బస్సెక్కి వైజాగ్ వెళ్లే కుటుంబాలు మన దిల్‌సుఖ్‌నగర్ వైపు చాలానే ఉన్నాయి. అలల్లో తడిసి, ఫొటోలు దిగి వచ్చేస్తారు. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు రాళ్ల మధ్య బయటపడే ప్రాణులను మాత్రం చాలామంది చూడరు.

నీళ్లు ఎందుకు తగ్గుతాయి?

చంద్రుడు, సూర్యుడి ఆకర్షణ వల్ల వైజాగ్‌లో రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు వస్తాయి. ఒక పోటుకు, ఇంకో పోటుకు మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందుకే ఈ టైమ్ రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది.

అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకట్రెండు రోజులకు నీళ్లు బాగా తగ్గుతాయి. మన లెక్కలో చెప్పాలంటే చాంద్ 1, 2 తారీఖులు, మళ్లీ 15, 16 తారీఖులు. చాంద్ 8, 22 దగ్గర పడితే తేడా తక్కువ, పెద్దగా ఏమీ కనపడదు. ఇంట్లో ఉన్న హిజ్రీ క్యాలెండరే సగం పని చేసిపెడుతుంది.

ఏం కనిపిస్తాయి?

వైజాగ్‌ది లక్షద్వీప్‌లాంటి పగడాల దీవి కాదు, రాతి తీరం. తెన్నేటి పార్క్, రుషికొండ దగ్గర రాళ్ల గుంటల్లో నీళ్లు నిలుస్తాయి. అందులో పువ్వులా విచ్చుకునే సీ అనిమోన్లు, ఖాళీ గవ్వలో కాపురముండే సన్యాసి పీతలు, ముళ్ల సీ అర్చిన్లు, చిన్న చేపలు ఉంటాయి. మంగమారిపేట సహజ శిలాతోరణం దగ్గరికి వెళ్లడానికి కూడా ఆటు సమయమే మంచిది.

పిల్లలతో జాగ్రత్త

అందంగా ఉందని గవ్వ పట్టుకోవద్దు. శంకు ఆకారపు కోన్ నత్తలకు విషపు ముల్లు ఉంటుంది, కొన్ని రకాలు కుడితే ప్రాణానికే ముప్పు. ఖాళీ గవ్వలు కూడా అక్కడే వదిలేయండి, అవి పీతలకు ఇళ్లు. పగడాలు, సముద్ర దోసకాయలు తీసుకురావడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం.

నాచు రాళ్లు జారుతాయి, చెప్పులు గ్రిప్ ఉన్నవే వేసుకోండి. సముద్రానికి వీపు పెట్టి సెల్ఫీలు వద్దు. ఆటుకు గంట ముందు దిగి, నీళ్లు తిరిగి పెరగడం మొదలవగానే ఒడ్డుకు వచ్చేయండి. లేదంటే వెనకాల దారి మునిగిపోవచ్చు.

కచ్చితమైన టైమ్ కోసం ఇన్‌కాయిస్ వెబ్‌సైట్ చూడండి. ఎత్తైన అలల హెచ్చరికలు కూడా అక్కడే ఇస్తారు. ఆ సంస్థ ఉన్నది సముద్రమే లేని మన హైదరాబాద్‌లో, ప్రగతినగర్‌లో! హెచ్చరిక ఉన్న రోజు రాళ్ల మీదికి అసలు దిగొద్దు.