'డాక్టర్ స్టోన్' బొమ్మల కథ: మన విద్యార్థులు చదువదగినదేనా?

పాఠ్యపుస్తకము నడుమ బొమ్మల కథను దాచుకొని చదువుట బాలురకు నేడు క్రొత్తగా అబ్బిన అలవాటు కాదు. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణిగార్లు మదరాసున వెలువరించిన 'చందమామ'ను ఒకనాటి బాలురు ఆత్రముతో చదివిరి. ఇప్పుడు ఆ ఆత్రము జపాను దేశపు 'మాంగా' అను బొమ్మల కథలమీదికి మరలినది. వానిలో 'డాక్టర్ స్టోన్' అనుదానిని రాయవేలూరు, గుడియాత్తము ప్రాంతపు మన బిడ్డలకు ఈయవచ్చునా యను సంగతిని ఇచ్చట విచారింతము.

ఈ కథను రీచిరో ఇనగాకి రచింపగా, కొరియా దేశీయుడైన బోయిచి బొమ్మలు గీసెను. 2017 మార్చి మొదలు 2022 మార్చి వరకు ఇది 'వీక్లీ షోనెన్ జంప్' అను జపాను పత్రికలో ధారావాహికముగా వెలువడెను. ఒకనాడు వింత కాంతి యొకటి సోకి మానవులందరు శిలలగుదురు. అహల్య కథ నెరిగిన మనకు ఇది వింతగా తోచదు. కాని ఇచ్చట శాపవిమోచనము కలిగించునది రసాయన శాస్త్రము. సెంకూ అను విద్యార్థి సుమారు 3,700 సంవత్సరములకు మేలుకొనును. గబ్బిలముల గుహలో దొరకిన నత్రికామ్లమును, ద్రాక్షరసమును పులియబెట్టి బట్టీ పట్టిన సారాయితో కలిపి, తోడివారిని శిలారూపమునుండి విడిపించును.

శిల మనిషియగుట కేవలము కల్పన. అటుపిమ్మట వచ్చు పనులలో పెక్కింటికి మాత్రము నిజమైన శాస్త్రమే ఆధారము. సముద్రపు గుల్లలనుండి గార, సబ్బు తయారగును. వైద్యుడు లేని లోకమున రోగమును దూరముగ నుంచునది గావున ఆ సబ్బునే సెంకూ 'డాక్టర్ స్టోన్' అని పిలుచును. సున్నము మన పిల్లలకు తెలియని వస్తువు కాదు. పేర్ణాంబట్టులో తోళ్లు పదునుచేయువారు వెండ్రుకలు ఊడుటకై వానిని సున్నపు నీటిలో నానవేయుదురు. ఊపిరితిత్తుల జబ్బుతో బాధపడు బాలికకొరకు సల్ఫా మందు చేయు ఘట్టము మరింత మేలైనది. ఈ జాతి మందులకు దారితీసిన పరిశోధనకే గెర్హార్డ్ డోమాక్‌కు 1939లో నోబెల్ బహుమతి ప్రకటింపబడెను. 1900లో ఐడా స్కడర్ ఒక్క పడకతో వైద్యశాల నారంభించిన వేలూరున పెరుగు బిడ్డలకు, ఒక్క మందు వెనుక ఎంత శ్రమ యున్నదో తెలియుట అవసరము.

ఇక అభ్యంతరములు. కథలో తుపాకిమందు, ఘాటైన ఆమ్లములు తయారుచేయుట కలదు. తగిన జ్ఞానము లేక వీనిని అనుకరింపరాదని ఆ పుస్తకమే హెచ్చరించుచున్నది. అగ్గిపెట్టెల పని యెరిగిన గుడియాత్తమువారికి ఈ హెచ్చరిక విలువ వేరుగా చెప్పనక్కరలేదు. పుల్ల తలపై పొటాషియం క్లోరేటును, పెట్టె ప్రక్కన ఎర్ర భాస్వరమును వేరువేరుగ నుంచుటయే అందలి భద్రత. పూర్వము తెల్ల భాస్వరముతో పనిచేసినవారి దవడ యెముకలు కుళ్లిపోయెడివి. అందుచేతనే 1906లో బెర్న్ నగరమున పలు దేశములు దానిని నిషేధించు ఒడంబడిక చేసికొనెను. ఆ భద్రతకు ఎందరో కార్మికులు తమ దేహములతో వెల చెల్లించిరి. పుస్తకమున పోరాటములు, స్త్రీల విషయమున తగని కొన్ని బొమ్మలు కూడ కలవు. ఆంగ్ల ప్రచురణకర్తలు సైతము దీనిని పదమూడేండ్లు దాటినవారికే నిర్దేశించిరి.

కావున మా అభిప్రాయమిది. ఏడవ తరగతి లోపువారికి దీనిని ఈయరాదు. ఎనిమిదవ తరగతి మొదలు ఉపాధ్యాయుని పర్యవేక్షణలో చదువనీయవచ్చును. చదివినవారు నోటుపుస్తకమున ఒక ప్రక్క నిజమును, మరియొక ప్రక్క కల్పనను వ్రాయవలెను. ప్రయోగములు పాఠశాల ప్రయోగశాలలోనే జరుగవలెను; ఇంట ఎంతమాత్రము కూడదు. ఆంగ్లమున చదివిన వస్తువులకు గంధకము, సురేకారము, పటిక, సున్నము అను పేర్లను ఇంటి పెద్దల నడిగి తెలిసికొనవలెను. ఆ పేర్లు పెద్దలతోనే అంతరించినచో, శాస్త్రము మన యింటి మాటలలోనికి రాజాలదు.

కథలో త్సుకాసా అను బలశాలి, లోకము యువకులదే కావలెనని పెద్దల శిలలను పగులగొట్టును. సెంకూ మాత్రము ఒక్కరినైనను విడువక అందరిని బ్రతికింపవలెనని పట్టుపట్టును. విజ్ఞానము కొందరికా, అందరికా యను ఈ ప్రశ్నను మన బిడ్డలు తరగతిలో చర్చింపవలెను. ఆ చర్చ జరిగిన తరగతిలో ఈ పుస్తకమును దాచి చదువవలసిన పని యుండదు.