డిజైన్ కోర్సులో చేరేముందు గంటలు లెక్కేసుకోండి

మూడు నెలల్లో డిజైనర్ అయిపోవచ్చని చెప్పే కరపత్రం బొగ్గు బెల్టులో ఎవరికీ కొత్త కాదు. ఇంటర్ పరీక్షలు ముగియగానే పేపరు మడతలో వచ్చి పడుతుంది. వరసగా ఆరు పేర్లు: ఫొటోషాప్, కోరల్‌డ్రా, పేజ్‌మేకర్, ఇన్‌డిజైన్, ప్రీమియర్, ఆఫ్టర్ ఎఫెక్ట్స్. ఫీజులో రాయితీ ఎంతో పెద్దక్షరాల్లో ఉంటుంది. ఎన్ని గంటలు నేర్పుతారన్నది మాత్రం ఎక్కడా ఉండదు.

ఆ లెక్క మనమే వేద్దాం. రోజుకు 2 గంటలు, నెలకు 25 రోజులు, 3 నెలలు. మొత్తం 150 గంటలు. ఆరు సాఫ్ట్‌వేర్లకు పంచితే ఒక్కోదానికి 25. ఒక సిస్టం ముందు ఇద్దరు కూర్చుంటే మౌసు మీద మన చెయ్యి ఉండేది పన్నెండున్నర గంటలు. బొగ్గు బాయిలో ఒక షిఫ్టు 8 గంటలు. షిఫ్టున్నర దిగినవాణ్ని ఎవరూ పనిమంతుడు అనరు.

అయినా ఈ కోర్సుల్లో పిల్లలు ఎందుకు చేరుతున్నారో రామగుండం జ్యోతినగర్‌లో ఉన్నవాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. 1990ల మొదట్లో సింగరేణిలో లక్ష మందికి పైగా కార్మికులుండేవారు. ఇప్పుడు 40 వేలకు అటూ ఇటూ. ఇక్కడి ఎన్టీపీసీ పాత ప్లాంటు 2,600 మెగావాట్లు, పక్కనే కొత్తగా వచ్చిన తెలంగాణ ప్రాజెక్టు రెండు యూనిట్లు కలిపి 1,600. ఎరువుల ఫ్యాక్టరీ ఏడాదికి 12.7 లక్షల టన్నుల యూరియా తీయగలదు. ఉత్పత్తి లెక్కలు ఇంత పెద్దవే, కానీ ఉద్యోగాల లెక్క వాటితోపాటు పెరగలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం రామగుండంలో 2 లక్షల 29 వేల మంది ఉన్నారు. ఇన్ని ఇళ్లల్లో డిగ్రీ చదివిన పిల్లలకూ, ఊరు వదిలి వెళ్లలేని ఆడవాళ్లకూ తక్కువ ఖర్చుతో తెరుచుకునే తలుపు కంప్యూటర్ సెంటర్. అందుకే ఆ తలుపు వెనక ఏముందో సరిగ్గా చెప్పాల్సిన బాధ్యత ఉంది.

గంటలు కొలవడానికి దేశమంతటికీ ఒక కొలమానం ఉంది. నేషనల్ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ ప్రకారం 30 గంటల చదువుకు ఒక క్రెడిట్. ఏడాదికి 1,200 గంటలు, 40 క్రెడిట్లు. దీన్ని పక్కన పెట్టుకుని చూస్తే ఏ కోర్సు ఎంతదో తేలిపోతుంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ నైలిట్ వాళ్ల సీసీసీ 80 గంటలు. అది కంప్యూటర్ అంటే భయం పోగొట్టే కోర్సు, అంతకుమించి ఆశించకూడదు. మన కరపత్రం కోర్సు 150, అంటే 5 క్రెడిట్ల పాటి. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన నాలుగో విడతలో స్వల్పకాలిక శిక్షణ సాధారణంగా 300 నుంచి 600 గంటలు. ఐటీఐలో డెస్క్‌టాప్ పబ్లిషింగ్ ఆపరేటర్, మల్టీమీడియా యానిమేషన్ లాంటి ట్రేడులు ఏడాదివి, 1,200 గంటలు. అన్ని ఐటీఐల్లో ఇవి ఉండవు, ఎక్కువ చోట్ల దొరికేది కోపా అనే కంప్యూటర్ ఆపరేటర్ ట్రేడు ఒక్కటే.

బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల సంగతి మన దగ్గర తక్కువమందికి తెలుసు. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైన నమూనా ఇది. వాటి కోర్సుల పట్టికలో డీటీపీకి 45 రోజులు, ఫొటోగ్రఫీ, వీడియోగ్రఫీకి 30 రోజులు. రోజంతా శిక్షణే కనుక రోజుకు 7 గంటలు వేసుకున్నా 45 రోజుల డీటీపీ 315 గంటలవుతుంది. కరపత్రం కోర్సుకు రెట్టింపు. ఫీజు లేదు, భోజనం, వసతి వాళ్లదే. కోర్సయ్యాక రెండేళ్లపాటు వెంట ఉండి బ్యాంకు రుణం దాకా సాయం చేయాలన్నది నియమం. గ్రామీణ యువతకే ప్రాధాన్యం కాబట్టి కార్పొరేషన్‌లో ఉండే జ్యోతినగర్ పిల్లలకంటే అంతర్గాం, పాలకుర్తి మండలాల పిల్లలకు ఈ దారి దగ్గర. ఆ ఊళ్లవాళ్లు ముందు అక్కడ అడిగి, తర్వాతే ప్రైవేటు సెంటర్‌కు రావాలని నా మాట.

గంటల సంగతి అలా ఉంచి, ఆ గంటల్లో ఏం నేర్పాలి? ఇక్కడి పని ఏమిటో చూస్తే తెలుస్తుంది. ఫ్లెక్సీలు, పెళ్లి ఆల్బమ్‌లు, శుభలేఖలు, దుకాణాల బోర్డులు, రీల్స్. 2023 డిసెంబరు 27న సింగరేణి గుర్తింపు సంఘం ఎన్నికలు జరిగాయి, ఓటర్లు దాదాపు 40 వేలు. అలాంటి సీజన్‌లో ఫ్లెక్సీ షాపుకు వచ్చే పనిని ఎవరైనా ఊహించుకోవచ్చు.

ఒక 6×4 అడుగుల ఫ్లెక్సీనే తీసుకోండి. 6 అడుగులంటే 72 అంగుళాలు, 4 అడుగులంటే 48. అంగుళానికి 72 పిక్సెళ్ల చొప్పున ఫైలు చేస్తే 5,184 బై 3,456, మొత్తం 1.79 కోట్ల పిక్సెళ్లు. దూరం నుంచి చూసే బ్యానర్‌కు ఇది చాలు. క్లాసులో శుభలేఖకు 300 పెట్టాలని నేర్పారు కదా అని దీనికీ 300 పెడితే 21,600 బై 14,400, అంటే 31 కోట్లు దాటుతుంది. 17 రెట్లు బరువైన ఫైలు. పాత సిస్టం అక్కడే ఆగిపోతుంది, కౌంటర్ దగ్గర గిరాకీ నిలబడి ఉంటుంది.

ఇప్పుడు ఆ గిరాకీ వాట్సాప్‌లో ఫొటో పంపాడు. మామూలుగా పంపిన ఫొటోను వాట్సాప్ కుదించేస్తుంది, పొడవు వైపు 1,600 పిక్సెళ్ల దగ్గర మిగులుతుంది. దాన్ని 6 అడుగుల వెడల్పంతా పరిస్తే అంగుళానికి 22 పిక్సెళ్లు, ముఖం గళ్లు గళ్లుగా కనిపిస్తుంది. అదే ఫొటోను 2 అడుగులకు కుదిస్తే అంగుళానికి 66, బ్యానర్‌కు సరిపోతుంది. లేదంటే ఫొటోను డాక్యుమెంట్‌గా పంపమని అడగాలి. ఈ రెండు గుణకారాలు, ఒక భాగహారం తెలిసిన అమ్మాయి మొదటిరోజే కౌంటర్‌లో నిలబడగలదు. ఆరు సాఫ్ట్‌వేర్ల మెనూలు వల్లె వేసినవాళ్లు తడబడతారు. రంగులదీ ఇదే కథ. తెర మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానికి 256 మెట్లు, మొత్తం 1,67,77,216 రంగులు. ముద్రణలో ఉండేవి ప్రధానంగా నాలుగు ఇంకులు. తెర మీద మెరిసే నీలం ఫ్లెక్సీ మీద మసకగా దిగుతుంది. నమూనా ముక్క తీసి చూపించకుండా పూర్తి ఫ్లెక్సీ కొట్టేస్తే నష్టం షాపుదే.

తెలుగు అక్షరాల విషయంలో మన కోర్సులు పిల్లలకు చేస్తున్న అన్యాయం ఇంకా పెద్దది. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0, అది వచ్చింది 2001లో. ఇవాళ డిగ్రీ చదువుతున్న పిల్లలు అప్పటికి పుట్టనే లేదు. అయినా అను ఫాంట్లతో కలిపి దాన్నే నేర్పే సెంటర్లున్నాయి. కారణం లేకపోలేదు. పాత ప్రెస్సుల్లో, డీటీపీ సెంటర్లలో ఫైళ్లన్నీ ఆ రూపంలోనే ఉన్నాయి, అను కీబోర్డు మీద వేళ్లు పరుగెత్తేవాళ్లకు ఇప్పటికీ పని దొరుకుతుంది. కానీ అనులో కొట్టిన తెలుగు లోపల ఇంగ్లిషు అక్షరాల సంకేతాలే. ఆ ఫాంటు లేని సిస్టంలో తెరిస్తే పిచ్చిగీతలు, ఫేస్‌బుక్‌లో అతికిస్తే చదవలేం, గూగుల్‌లో వెతికినా దొరకదు. యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాల సొంత గది ఉంది. ఫోనులో మనం రోజూ కొట్టేది అదే.

సెంటర్‌లో చేరేముందు ఒక పరీక్ష పెట్టండి. ఫొటోషాప్‌లో యూనికోడ్‌లో జ్యోతినగర్ అని కొట్టి చూపించమనండి. ప్రిఫరెన్సెస్‌లో టైప్ విభాగంలో మన భాషలకు కావలసిన ఎంపిక, కొత్త వెర్షన్లలో వరల్డ్ రెడీ లేఅవుట్ అంటారు, పెట్టకపోతే యవత్తు కిందికి దిగకుండా జ్‌యోతినగర్ అని విరిగి నిలబడుతుంది. ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోవాలి. నేర్పే మనిషికి ఈ సంగతి తెలిస్తే తెలుగులో పని చేసిన అనుభవం ఉన్నట్టే. ఫాంట్లు కొనాల్సిన పనీ లేదు. మండలి, రామభద్ర, ఎన్టీఆర్, గిడుగు, గురజాడ లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి, వ్యాపారానికీ వాడుకోవచ్చు.

సాఫ్ట్‌వేర్ ధర సంగతి చాలా సెంటర్లు మాట్లాడవు. అడోబీ 2013 నుంచి నెలవారీ చందా పద్ధతికి మారింది. సెంటర్‌లో నేర్చుకున్న పిల్ల ఇంట్లో సొంతంగా పని మొదలుపెట్టాలంటే చందా కట్టాలి, లేదా క్రాక్ వెర్షన్‌తో వైరస్‌లనూ చట్టపరమైన చిక్కులనూ ఇంటికి తెచ్చుకోవాలి. ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి: బొమ్మలకు గింప్, ఇంక్‌స్కేప్, పేజీలకు స్క్రైబస్, త్రీడీకి బ్లెండర్. డావించీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ 3,840 బై 2,160 దాకా, సెకనుకు 60 ఫ్రేములదాకా వీడియో ఇస్తుంది. రామగుండంలో జరిగే ఏ పెళ్లికైనా అది చాలా ఎక్కువ. 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ అందుకున్న లాట్వియా సినిమా ఫ్లో బ్లెండర్‌లోనే తయారైంది. కోర్సులో కనీసం ఒక్క ఉచిత సాఫ్ట్‌వేర్ లేకపోతే ఆ సెంటర్ మీకు పని నేర్పుతూనే పనిముట్టు లేకుండా పంపిస్తోందన్నమాట.

వీడియో కోర్సులకు ఇప్పుడు ఆకర్షణ ఎక్కువ. 2026-27 కేంద్ర బడ్జెట్ ప్రసంగం యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్, గేమింగ్ రంగానికి 2030 నాటికి 20 లక్షల మంది కావాలని చెప్పింది. ఛోటా భీమ్ పుట్టింది హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్‌లోనే. నిజమే, కానీ ఆ రంగంలో మొదటి మెట్టు ఎక్కువగా రోటో పని, అంటే వీడియోలో మనిషిని వెనక దృశ్యం నుంచి గీత గీసి వేరుచేయడం. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. 5 సెకన్ల షాట్‌లో 120 ఫ్రేములు. మనిషి అంచు చుట్టూ గీత, జుట్టుతో సహా, ఆ 120 ఫ్రేముల్లోనూ కదలకుండా నిలవాలి. ఓపికకు పెట్టిన పరీక్ష అది. పైగా ఈ పనిని ఏఐ వేగంగా తనలోకి లాక్కుంటోంది. దాన్నొక్కదాన్నే నమ్ముకుని హైదరాబాద్‌కు 225 కిలోమీటర్లు వెళ్లి హాస్టల్ ఫీజు కట్టమని నేను ఎవరికీ చెప్పలేను. స్టూడియోలు సర్టిఫికెట్‌కంటే ముందు షోరీల్ అడుగుతాయి, ఒక నిమిషం రీల్‌లో మీ సొంత పని ఎంతుందన్నదే ప్రశ్న.

ఊరు వదలకుండా నిలబడ్డ ఉదాహరణ మన పాత కరీంనగర్ జిల్లాలోనే ఉంది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి 2012లో మొదలైన మై విలేజ్ షో యూట్యూబ్ చానల్ గంగవ్వను ఇంటింటి మనిషిని చేసింది. వాళ్లకు పెట్టుబడి అయింది ఊరి మాట, ఊరి మనుషులు. కెమెరా, ఎడిటింగ్ దాని వెనక నడిచాయి. మన గోదావరిఖని మాట, మనుషులు, పాట తక్కువేం కాదు.

సర్టిఫికెట్‌తో ఉద్యోగం ఖాయమని చెప్పేవాళ్ల ముందు ఒక్క అంకె పెట్టండి. కౌశల్ వికాస్ యోజన మొదటి మూడు విడతలపై కాగ్ 2025 డిసెంబరులో పార్లమెంటుకు ఇచ్చిన నివేదిక ప్రకారం స్వల్పకాలిక, ప్రత్యేక శిక్షణల్లో సర్టిఫికెట్ పొందినవారు 56.14 లక్షలు, ఉద్యోగాల్లో చేరినవారు 23.18 లక్షలు. నూటికి 41. ప్రభుత్వ డబ్బుతో, నియమాలతో నడిచిన పథకంలోనే ఇదీ పరిస్థితి. వందశాతం అని కరపత్రం మీద అచ్చేసినవాళ్లను పోయిన బ్యాచ్‌లో ఎంతమంది చేరారు, ఎంతమంది ఎక్కడ పనిచేస్తున్నారు అని అడగండి. నేషనల్ క్వాలిఫికేషన్స్ రిజిస్టర్‌లో ఆ కోర్సు కోడ్ ఉందో లేదో ఫోన్‌లోనే చూసుకోవచ్చు. లేకపోతే ఆ కాగితానికి బయట విలువ తక్కువ. పని వస్తే కాగితం లేకున్నా నడుస్తుంది, అది వేరే సంగతి.

రాష్ట్రంలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి 2,324 కోట్లతో అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది. డిజైన్ అన్న పేరు చూసి పొరబడకండి. అక్కడి బేసిక్ డిజైనర్ కోర్సు యంత్రభాగాలను కంప్యూటర్‌లో గీసే రెండేళ్ల చదువు. గణితం, డ్రాయింగ్ ఇష్టమున్నవాళ్లకు మంచి దారే, ఫ్లెక్సీకీ వీడియోకీ సంబంధం లేదు.

ఇక ఫీజు. 9 వేలు తీసుకుని 150 గంటలు నేర్పితే గంటకు 60 రూపాయలు. 12 వేలు తీసుకుని 400 గంటలు సిస్టం ఇస్తే గంటకు 30. కరపత్రం మీద మొదటిది చవక, లెక్కలో రెండోది సగం ధర. క్లాసయ్యాక సాయంత్రం దాకా సిస్టం మీద కూర్చోనిస్తారా అన్నది అందుకే అంత ముఖ్యం.

షిఫ్టు వారం వారం మారే ఇళ్లల్లో ఈ గంటల లెక్క మరింత తగ్గుతుంది. ఇంట్లో మనిషి ఫస్ట్ షిఫ్టుకు పోయే వారం ఒక తీరు, నైట్ షిఫ్టు దిగి వచ్చి పగలు పడుకునే వారం ఇంకో తీరు. పొద్దున పదింటి బ్యాచ్‌లో చేరిన గృహిణికి మూడు వారాల్లో ఒక వారం క్లాసు తప్పితే 150 గంటల్లో 50 పోయినట్టే. మిగిలిన వందను ఆరు సాఫ్ట్‌వేర్లకు పంచితే ఒక్కోదానికి 17 గంటలు కూడా రావు. ఆ వారం మధ్యాహ్నం బ్యాచ్‌లోకి మారే వీలుందా అని చేరేముందే అడగండి. ఉందంటే ఆ మాట ఫీజు రసీదు మీదే రాయించుకోండి.