పొట్టి క్రాపు, గడ్డము: అందము, ఆరోగ్యము

తలవెండ్రుకలను మిక్కిలి పొట్టిగా కత్తిరించుకొని గడ్డమును కొద్దిపాటిగా పెంచుకొనుట నేడు పట్టణములందును పల్లెలందును పురుషులలో విరివిగా కనవచ్చుచున్నది. ఎండలు తీవ్రముగా నుండు మన దేశమున ఈ పద్ధతివలన కొన్ని సౌకర్యములు లేకపోలేదు. స్నానానంతరము తల త్వరగా ఆరును. చెమట నిలువదు. దువ్వెనతో అంతగా పనియుండదు. అయితే ఇది శ్రమ యెరుగని అలంకారమని తలచుట పొరపాటు. జుట్టు కొంత పొడుగుగా నుంచుకొనువాడు రెండు నెలలకొకసారి క్షౌరశాలకు పోయిన సరిపోవును. పొట్టి క్రాపును, తీర్చిన గడ్డమును గలవాడు రెండు వారములకొకసారియైనను పోవలసియుండును. అనగా ఏడాదికి 26 సార్లు అతని మెడకును చెంపలకును కత్తి తగులును. ఆ కత్తి అంతకుముందు ఎవరి చర్మమునకు తగిలినది? జుట్టు ఎంత పొడవుండవలెనన్నది అభిరుచికి సంబంధించిన విషయము. కత్తి శుభ్రముగా నున్నదా లేదా యన్నది ఆరోగ్యమునకు సంబంధించిన విషయము.

వెండ్రుక పెరుగు తీరు

వెండ్రుక మూలము చర్మము లోపల చిన్న సంచివంటి కుదురులో నుండును. అచ్చట మాత్రమే అది సజీవము. పైకి కనబడు భాగము నిర్జీవ పదార్థము. అందుచేతనే కత్తిరించునపుడు నొప్పి కలుగదు. తలవెండ్రుకలు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగును. మూడు మిల్లీమీటర్ల పొడవున కత్తిరించిన క్రాపు పది దినములలోనే రెండింతలగును. పొట్టి క్రాపు త్వరగా రూపు మారుటకు ఇదియే కారణము.

మాటిమాటికి గొరిగినచో వెండ్రుకలు దట్టముగా మొలచునని మనవారిలో ఒక నమ్మకము కలదు. అమెరికాకు చెందిన మిల్డ్రెడ్ ట్రాటర్ అను శరీరశాస్త్రజ్ఞురాలు 1928లోనే ఈ విషయమును పరీక్షించి, అది నిజము కాదని తేల్చెను. సహజముగా పెరిగిన వెండ్రుక కొన సన్నగా నుండును. గొరిగిన వెండ్రుక కొన మొద్దుగా నుండుటచేత చేతికి గరుకుగా తగులును, అంతియే. కావున పలుచని గడ్డము గల యువకుడు అది దట్టమగునను ఆశతో ప్రతిదినము గీచుకొనుట వృథాశ్రమ.

తగిన పొడవును ఎంచుకొనుట

క్రాపు మిషనుకు తగిలించు తొడుగులకు నంబర్లుండును. సాధారణముగా ఒకటవ నంబరు తొడుగు వెండ్రుకలను 3 మిల్లీమీటర్ల పొడవున విడుచును. రెండవది 6, మూడవది సుమారు 10, నాల్గవది సుమారు 13 మిల్లీమీటర్ల పొడవున విడుచును. మొదటిసారి పొట్టి క్రాపు తీయించుకొనువారు నాల్గవ నంబరుతో ఆరంభించి, చూచుకొని, క్రమముగా తగ్గించుకొనుట మేలు. ఎక్కువైనదానిని తగ్గింపవచ్చును గాని, కత్తిరించినదానిని తిరిగి అతికింపలేము.

నడినెత్తిన జుట్టు పలుచబడినవారు ప్రక్కలను పొడుగుగా నుంచినచో బట్టతల మరింత కొట్టవచ్చినట్లు కనబడును. అంతటను పొట్టిగా తీయించినచో ఆ తేడా తగ్గును. గుండ్రని ముఖము గలవారు గడ్డమును చుబుకము వద్ద కొంచెము పొడుగుగాను, చెంపలవద్ద పొట్టిగాను ఉంచుకొనిన బాగుండును. కోల ముఖము గలవారికి దీనికి విరుద్ధముగా చేయుట తగును. మెడపై గడ్డపు హద్దును గొంతుముడికి సుమారు రెండు వ్రేళ్ల ఎత్తున తీర్చిన చాలును.

వృత్తిని కూడ ఆలోచించవలెను. పురుగుమందులు చల్లువారు, ధూళిలోను విషవాయువుల మధ్యను పనిచేయువారు, క్షయరోగుల వార్డులలో సేవచేయువారు ముఖమునకు బిగుతుగా అంటుకొను మాస్కును ధరింపవలసియుండును. మాస్కు అంచుక్రింద గడ్డమున్నచో సందులేర్పడి, గాలి వడకట్టబడకయే లోనికి పోవును. అట్టివారు ఆ అంచు తగులు చోటనైనను గడ్డము లేకుండ చూచుకొనవలెను. మతధర్మముననుసరించి గడ్డమును ధరించువారు ముఖమునకు అంటుకొననవసరము లేని ఇతర రక్షణసాధనములను గూర్చి పై అధికారులతో ముందుగానే మాటలాడుట మంచిది.

క్షౌరశాలలో జాగ్రత్త

గీచునపుడు చర్మముపై కంటికి కనబడని గాట్లు ఎన్నియో పడును. రక్తము కారనంతమాత్రమున గాయము లేదనుకొనరాదు. ఆ గాట్ల నుండి అతిస్వల్పమైన రక్తము కత్తి యంచునకు అంటును. అదే కత్తి మరొకని గాటును తాకినచో మొదటివాని రక్తమునందలి సూక్ష్మజీవులు రెండవవానికి చేరును. ఈ మార్గమున వ్యాపించు వ్యాధులలో కాలేయమును చెరచు హెపటైటిస్ బి, హెపటైటిస్ సి ముఖ్యమైనవి. హెచ్.ఐ.వి. ఈ విధముగా సోకు అవకాశము చాల తక్కువయైనను, దానికిని ఈ జాగ్రత్తలే వర్తించును.

హెపటైటిస్ బి వైరసు శరీరము వెలుపల ఎండిన రక్తమునందును కనీసము ఏడు దినములు సజీవముగా నుండగలదు. ఆదివారమునాడు వాడిన కత్తి శనివారమునాటికి కూడ ప్రమాదకరమే. వ్యాధి సోకిన వారిలో పలువురు చూచుటకు పూర్తి ఆరోగ్యవంతులుగానే యుందురు. తమకు వ్యాధియున్నట్లు వారికే తెలియదు. పెద్దలలో అధికసంఖ్యాకులకు ఇది కొన్ని నెలలలో తగ్గిపోవును. కొందరిలో మాత్రము ఏండ్లతరబడి నిలిచి, కాలేయమును గట్టిపరచి, తుదకు క్యాన్సరునకు కూడ దారితీయును. అంతేకాక వైరసు గలవాని నుండి భార్యకు సోకవచ్చును. ఆమె నుండి పుట్టు బిడ్డకును సోకవచ్చును. శైశవమున సోకిన వ్యాధి చాల వరకు జీవితాంతము నిలిచిపోవును. ఒక బ్లేడు ముక్కను ఆదా చేయుటకు ఒక కుటుంబము ఇంతటి మూల్యమును చెల్లింపవలసివచ్చును.

మన క్షౌరశాలలలో బ్లేడును రెండు ముక్కలుగా విరిచి, ఒక ముక్కను కత్తిపిడిలో అమర్చుట వాడుక. వచ్చినవాడు కుర్చీలో కూర్చుండినంతనే కాగితము విప్పి, బ్లేడును తన యెదుటనే విరిచి అమర్చుమని కోరవలెను. పని ముగిసిన పిమ్మట ఆ ముక్కను తీసి గట్టి డబ్బాలో వేయుటను కూడ చూడవలెను. పాతపద్ధతి మంగలికత్తిని కేవలము తువాలుపై తుడిచినను, సానపట్టినను, మందునీటిలో క్షణకాలము ముంచి తీసినను వైరసు నశింపదు. దానిని శుభ్రముగా కడిగి 20 నిమిషములు మరిగించవలెను. ఒక్కొక్కరికి అట్లు చేయుట సాధ్యము కాదు గనుక కొత్త బ్లేడే ఉత్తమము.

పటిక చర్మమును ముడిపించి రక్తమును ఆపును. కాని సూక్ష్మజీవులను చంపునని నమ్మరాదు. ఒకే పటికరాతిని పదిమంది ముఖములపై రుద్దినచో అదియే వ్యాధివాహకమగును. ఇంటినుండి చిన్న పటికముక్కను తీసికొనిపోవచ్చును. క్షవరపు కుంచెయు అంతే. మొదటి ప్రపంచయుద్ధకాలమున (1914–1918) గుర్రపువెండ్రుకలతో చేసిన కుంచెల మూలమున సైనికులకు ఆంత్రాక్సు వ్యాధి సోకినది. క్రాపు మిషనులో చిక్కుకొనిన వెండ్రుకలను దులిపి, దాని పళ్లను ప్రతివానికి ముందు 70 శాతము స్పిరిటుతో తుడువవలెను. మెడచుట్టు కప్పు వస్త్రము, తువాలు ఉతికినవై యుండవలెను. లేనిచో తామరయు, పేలును సంక్రమించును. క్షవరము ముగిసిన పిమ్మట మెడను పటుక్కుమనునట్లు త్రిప్పించుకొనుట మానవలెను. దానివలన మెదడునకు రక్తము తీసికొనిపోవు నాళము చీలి పక్షవాతము కలుగవచ్చును.

కొత్త బ్లేడును కోరుటకు మొగమాటపడరాదు. అది క్షురకుని అవమానించుట కాదు. ఒకప్పుడు మన పల్లెలలో క్షురకులే కురుపులు కోసి కట్టుకట్టు శస్త్రవైద్యులుగా కూడ నుండిరి. శుభ్రతయొక్క విలువ వారికి కొత్తది కాదు. దినమంతయు ఇతరుల రక్తమునకు దగ్గరగా పనిచేయు క్షురకునికే ప్రమాదమధికము. కావున ఈ నియమము అతనికిని రక్షయే.

టీకా, చికిత్స

హెపటైటిస్ బి రాకుండ టీకా కలదు. మన దేశమున 2011 నాటికి శిశువులకు ఉచితముగా ఇచ్చు టీకాల కార్యక్రమమున ఇది అన్ని రాష్ట్రములకును విస్తరించినది. శైశవమున పొందని పెద్దలు వైద్యుని సలహాతో మూడు మోతాదులుగా దీనిని పొందవచ్చును: మొదటిది తీసికొనిన నెలకు రెండవది, ఆరు నెలలకు మూడవది. క్షురకవృత్తిలో నున్నవారు తప్పక పొందదగినది. హెపటైటిస్ సికి టీకా లేదు. కాని నేటి మాత్రలతో నూటికి 95 మందికి పైగా పూర్తిగా నయమగుచున్నది. 2018 జూలై 28న ఆరంభమైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమము క్రింద పరీక్షలు, మందులు ఉచితముగా లభించును. ఇతరులకు వాడిన బ్లేడుతో గాయమైనట్లు తెలిసినచో సబ్బునీటితో కడిగి, వీలైనంతవరకు 24 గంటలలోపల వైద్యుని కలసికొనవలెను. టీకా పొందనివారికి అప్పుడు ఆరంభించినను ఉపయోగముండును.

ఇంటివద్ద సంరక్షణ

కత్తి, కుంచె, దువ్వెన ఎవరివి వారికుండవలెను. తండ్రీకొడుకులైనను, అన్నదమ్ములైనను ఒకే రేజరును వాడరాదు. గడ్డమును పొడిగా నున్నప్పుడే కత్తిరించవలెను. తడిసిన వెండ్రుక సాగి పొడుగుగా కనబడును. ఆరిన పిమ్మట చూచినచో అనుకొనినదానికంటె పొట్టియై యుండును. హద్దులను గీచుకొనుటకు ముందు గోరువెచ్చని నీటితో ముఖమును తడిపి, నురుగు పట్టించి రెండు మూడు నిమిషములు ఆగవలెను. వెండ్రుకలు మొలచిన దిశగానే కత్తిని నడపవలెను. చర్మమును లాగి, ఎదురుగా గీచినచో వెండ్రుక చర్మముక్రిందికి దిగిపోయి, మరల పెరుగునపుడు లోపలనే వంగి పొక్కులగును. వంకీల జుట్టు గలవారికి ఈ బాధ అధికము. అట్టివారు నున్నగా గీచుకొనుట మాని, మిషనుతో ఒక మిల్లీమీటరైనను విడిచి కత్తిరించుకొనుట మేలు. పొట్టి గడ్డమే వారికి చికిత్స. ఐదు నుండి ఏడుసార్లు వాడిన బ్లేడును పారవేసి కొత్తది వాడవలెను.

గడ్డములో చెమట, ధూళి, ఆహారపు మెతుకులు చేరును. ప్రతిదినము కడిగి, వేళ్లతో మొదళ్లవరకు ఆరబెట్టవలెను. పొట్టి క్రాపు తలకు నీడనియ్యదు గనుక ఎండలో తిరుగువారు తలపాగా గాని టోపీ గాని ధరింపవలెను. చుండ్రు గలవారు తలకును గడ్డమునకును నూనె దట్టించినచో చుండ్రు హెచ్చును. దానికి కారణమైన శిలీంధ్రము నూనెను తిని పెరుగును. రంగు వేసికొనువారు 48 గంటలు ముందుగా చెవివెనుక కొంచెము రాచి, దురద గాని వాపు గాని వచ్చినచో దానిని వాడరాదు.

వైద్యుని కలసికొనవలసిన లక్షణములు

పొట్టి క్రాపువలన ఒక లాభము కలదు: తలపై నున్న మచ్చలు, పుండ్లు వెంటనే కనబడును. నాణెమంత గుండ్రముగా జుట్టు రాలిన నున్నని మచ్చను ప్రజలు పేనుకొరుకుడు అందురు. పేలకును దానికిని సంబంధము లేదు. శరీరరక్షణ వ్యవస్థ పొరపాటున వెండ్రుక కుదుళ్లపై దాడిచేయుటయే దానికి కారణము. అది అంటువ్యాధి కాదు. అంచులు ఎఱ్ఱగానుండి పొలుసులు రాలుచు దురదపెట్టు మచ్చ తామర కావచ్చును, అది అంటుకొనును. దానికి దుకాణమున అడిగి తెచ్చిన స్టెరాయిడు కలిసిన పూతమందులను రాచినచో దురద తాత్కాలికముగా తగ్గి, వ్యాధి లోలోపల ప్రబలి, మొండియగును. గడ్డపు కుదుళ్లలో చీము పట్టినను, కన్నులు పసుపుపచ్చనగుట, మూత్రము ముదురురంగున వచ్చుట, ఆకలి మందగించుట వంటి కామెర్ల లక్షణములు కనబడినను, ఆలస్యము చేయక ప్రభుత్వ వైద్యశాలకు పోవలెను.

పదియేండ్లకొకసారి క్రాపుల తీరులు మారుచుండును. పొట్టి క్రాపు పోయి పొడుగు జుట్టు మరల రావచ్చును. శుభ్రమైన కత్తి మాత్రము ఏ తీరునకైనను అవసరమే. క్షౌరశాలలో కుర్చీపై కూర్చుండిన ప్రతివాడును "కొత్త బ్లేడు" అని అడుగుట అలవాటైన దినమున, అడుగనవసరమే లేకుండ క్షురకుడు తానే దానిని విప్పి చూపును.